పోము

గడ్డిని చూస్తూ నిలబడిన అమూల్య తాను ఏ పని మీద వచ్చిందో కాసేపు మరిచిపోయింది.

యర్రగొండపాలెం దాటాక, ఇక అడవి మొదలవుతుందనగా, పల్లెకూ కొండకూ మధ్య ఉంది ఆ బీడు. ఈసారి వానలు బాగా పడ్డాయి. గడ్డి నడుముదాకా పెరిగి, కొసల్లో గింజ పట్టి, ఎరుపనీ తెలుపనీ చెప్పలేని ఒక లేత రంగుకు తిరిగింది. గాలి వచ్చినప్పుడు ఆ రంగంతా కొండ వైపు కదిలిపోయి, మనసు మార్చుకున్నట్టు మళ్లీ వెనక్కి వచ్చేది. మనిషి లేడు, మేక లేదు. ఎక్కడో ఒక పిట్ట మాత్రం ఒకే మాటను పదే పదే అంటోంది.

"ట్రాన్స్‌లేటర్ మేడం! కల అయిపోతే ఇట్ల రాండి," అని కేకేశాడు సాయి కిరణ్.

పావని నవ్వింది. "పోనీలే, తెలుగు ఎం.ఏ. వాళ్లు గడ్డిని చూస్తే అంతే. పద్యం వస్తాదేమో చూద్దాం, ఉండు."

ఆ ముగ్గురినీ ఒకచోటికి చేర్చింది విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ఏడు కొత్తగా పెట్టిన కోర్సు. పర్యావరణం, బతుకుతెరువు, రేపటి తరాలు, ఇలాంటి పెద్ద పెద్ద మాటలున్న పేరు దానికి. సివిల్ ఇంజనీరింగు చదివే సాయి కిరణ్, ఎకనామిక్స్ చదివే పావని, తెలుగు ఎం.ఏ. చదివే అమూల్య ఒకే గదిలో కూర్చోవాలి. ఒక ఊరి కష్టాన్ని తీసుకొని, అందరూ కలిసి దానికొక దారి చూపాలి. మార్కాపురంలో క్లాసులు, పల్లెల్లో పని. "ఇవి ఒక్క శాస్త్రంతో తేలేవి కావు, అన్ని కళ్లూ కావాలి," అని గిరిధర్ సారు మొదటి రోజు చెప్పినప్పుడు అమూల్యకు ఒళ్లు పులకరించింది. ఆ తర్వాత పనులు పంచుకున్నారు. సాయి కిరణ్‌కు మ్యాపు, పావనికి లెక్కలు. ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగు చెయ్యడం, తెలుగు జవాబుల్ని ఇంగ్లీషు చెయ్యడం అమూల్యకు. తెలుగు చదివిన కళ్లతో ఇంకేమైనా చూడొచ్చునేమో అని ఎవరూ అడగలేదు.

పల్లెలో మొదటి ఇల్లు సుబ్బులమ్మది. యాభై దాటిన మనిషి. వసారా వాసానికి వేపకొమ్మల కట్టను తలకిందులుగా వేలాడగడుతోంది. మందతో పోలేని పసి గొర్రెపిల్లలు వెనక కాళ్ల మీద లేచి, అందిన ఆకును లాగుతున్నాయి. అందని పిల్ల కోసం ఆమె కట్టను కాస్త దించి, ముడి వేసి, మళ్లీ దాని ఎత్తును కంటితో కొలిచి, ఇంకాస్త దించింది.

"పెద్దమ్మా, ఆ బీడు ఊరిదేనా?" అని అడిగింది అమూల్య.

"ఊరిదే పాపా. ఎవురి పేరుతోనూ లేదు."

"దాంట్లోకి మీరు పోతారా?"

సుబ్బులమ్మ ముడి మీది నుంచి చెయ్యి తియ్యకుండానే తల తిప్పి చూసింది. అడగకూడని మాట అడిగినట్టు ఒక్క క్షణం ఆగి, "దాంట్లోకా? పోము," అంది.

"ఎవరూ పోరా?"

"ఎవురూ పోము."

"మరి గొర్రెలను మేపేదానికి?"

"మీ పెదనాయన కొండకిందికి తోలుకపోతాడు. దూరమే. ఏం చేద్దాం, కాళ్లు ఉండాయి గదా."

"ఏమంటోంది?" అన్నాడు సాయి కిరణ్. మార్కాపురంలో పుట్టి పెరిగిన వాడికి ఆమె మాట అర్థం కాక కాదు. ఇంగ్లీషులో ఏం రాయాలో అమూల్యే చెప్పాలి, అది ఆమె పని.

"నో వన్ గోస్ దేర్," అని చెప్పింది అమూల్య.

పక్కింట్లోనూ అదే జవాబు. ఆ పక్క వీధిలో బండి కడుగుతున్న అశోక్ అనే కుర్రాడూ, "మేం పోమక్కా," అన్నాడు. సాయంత్రం వెనక్కి వచ్చే జీపులో సాయి కిరణ్ ముఖం వెలిగిపోతోంది.

"ఊరంతా ఒకే మాట! ఇంత క్లీన్ డేటా ఇంకే గ్రూపుకీ రాదు. చూడండి, ఈ కొస నుంచి ఆ కొస దాకా సోలార్ ప్లేట్లు. పల్లెకు కరెంటు, బోర్లకు కరెంటు. ప్లేట్లు కడిగే పని ఈ గొర్రెల వాళ్లకే. ఎవరికీ నష్టం లేని ప్లాను."

శుక్రవారం నాడు మార్కాపురంలో మీటింగు. కోర్సుకు అండగా నిలిచిన సోలార్ కంపెనీ వాళ్లు అన్ని గ్రూపుల ప్లాన్లూ విని ఒకటి ఎంచుకుంటారు. ఎంచుకున్నదాన్ని, అది సోలార్ పని కాకపోయినా, సంక్రాంతి దాటగానే నిజంగానే మొదలుపెడతారు. ఒక్క మార్కుల సంగతి కాదది.

సాయి కిరణ్ ఒళ్లోని ల్యాప్‌టాప్‌లో బీడు బూడిదరంగు ముక్కగా ఉంది. దాని మీద ఇంగ్లీషులో రెండే మాటలు: ఖాళీ భూమి. కిటికీ బయట అసలు బీడు ఇంకా కనబడుతూనే ఉంది. సాయంకాలపు ఎండకు గింజ మెరిసి, నేలంతా ఏదో లోలోపల అనుకుంటున్నట్టుంది. ఇంత గడ్డి ఉండగా గొర్రెలను అంత దూరం ఎందుకు తోలుతారు అన్న ఆలోచన అమూల్యకు వచ్చింది. వచ్చింది గాని జీపు కుదుపులకు నిద్ర ముంచుకొచ్చి, ఆ ఆలోచన నిద్రలోకి జారిపోయింది.

*

గిద్దలూరులో అమూల్య వాళ్లది బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మరునాడు పొద్దున వాళ్లమ్మ రామతులసమ్మ పులిహోర కోసం చింతపండు పిసుకుతూ ఇంగువ డబ్బా తెరిచి చూసి, "అయిపోయింది. ఏమే అమూల్యా, రైల్వే స్టేషను రోడ్డుకు పోయి ఒక డబ్బా పట్టుకొనిరా," అంది.

మేడ మీదికి కొత్తగా అద్దెకొచ్చిన రాధాకుమారి టీచరు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడి ఉంది. "అంత దూరం ఎందుకక్కా? వీధికి అటుపక్కనే కిరాణా కొట్టు ఉంది గదా."

"అక్కడికి మేము పోము," అంది రామతులసమ్మ.

"ఏం, సరుకు బాగుండదా?"

"సరుక్కేం? బ్రమ్మాండం. గిద్దలూరులో అట్లాంటి ఇంగువ ఇంకెక్కడా దొరకదు."

"మరి?"

"అది మా మరిది దుకాణం."

రాధాకుమారి ఆమె ముఖం వైపు, వీధి అవతలి దుకాణం వైపు చూసి, ఏమనాలో తెలియక నవ్వింది. అమూల్యా నవ్వబోయింది. చిన్నాయన కూతురి పెళ్లిలో పిలుపు సరిగ్గా లేదని మొదలైన పట్టింపు అది. నాయన ఉమామహేశ్వర్లు దుకాణం మెట్ల మీద నిలబడితే, అటు మెట్ల మీద నిలబడ్డ చిన్నాయన కనబడతాడు. మధ్యలో ఒక్క రోడ్డు. రోజూ ఒకే పొద్దుకు ఇద్దరూ షట్టరెత్తుతారు. ఇద్దరూ ఒకే ఎండకు పరదా దించుతారు. ఇటువాళ్లు అటు పోరు.

చెప్పుల్లో కాళ్లు పెడుతున్న అమూల్య అట్లాగే ఆగిపోయింది.

మేము పోము.

ఈ మాటను ఇంగ్లీషులో ఎట్ల చెప్పాలి? 'వాళ్లు అక్కడికి వెళ్లరు' అని రాస్తే, చదివినవాళ్లు ఆ దుకాణం మంచిది కాదనుకుంటారు. లేకపోతే వీళ్లకు ఇంగువ అక్కర్లేదనుకుంటారు. ఇక్కడ ఇంగువా కావాలి, దుకాణమూ ఎదురుగానే ఉంది, కాళ్లూ బాగానే ఉన్నాయి. అయినా పోరు. అలవాటు లేక పోకపోవడమూ, పోవద్దని అనుకొని ఆగడమూ రెండూ తెలుగులో ఒక్క మాటే. విన్నవాళ్లే తెలుసుకోవాలి, గొంతును బట్టి, మనిషిని బట్టి.

ముడి మీద ఆగిన సుబ్బులమ్మ చెయ్యి ఆమె కళ్ల ముందుకొచ్చింది. అడగకూడని మాట అడిగినట్టు చూసిన ఆ చూపూ వచ్చింది. రెండిళ్ల మధ్య, ఎండలో, ఎవరూ దాటని రోడ్డు మీద కుక్క ఒకటి హాయిగా పడుకొని ఉంది. ఆ వీధి వీధంతా అమూల్యకు కాసేపు నీళ్ల అడుగున ఉన్నట్టు అనిపించింది.

"నిలబడి నిద్రపోతావుందా ఏంది ఈ పిల్ల?" అంది రామతులసమ్మ. "పో, పోపు మాడిపోతుంది."

*

పావనిని తోడు తీసుకొని బస్సులో పల్లెకు పోయేసరికి మధ్యాహ్నమైంది. సుబ్బులమ్మ మంచం వాల్చి కూర్చోమంది. చెంబుతో మజ్జిగ ఇచ్చింది. ఈసారి అమూల్య ప్రశ్న మార్చింది.

"బీడులోకి ఎందుకు పోరు పెద్దమ్మా?"

"ఎందుకేంది? గింజ రాలాల గదా."

"రాలినాక?"

"రాలినాక పోతాం. ఎండలు ముదిరే దాంక మా జీవాలకు అదే గదా కూడు. తొలకర్లో మూస్తే కార్తీకంలో తెరుస్తాం. అందరం అనుకొని మూస్తాం. ఎవురన్నా ఆశపడి ఒక్క గొర్రెను తోలినారనుకో, మళ్లా ఏడు అక్కడ మన్నే మిగుల్తాది."

"మరి నిన్న చెప్పలేదే ఈ మాట?"

"నువ్వు అడగలే," అంది సుబ్బులమ్మ తప్పేమీ లేనట్టు. "పోతారా అంటివి. పోము అంటిని."

పావని మజ్జిగ తాగుతూ పొలమారి దగ్గింది. సుబ్బులమ్మ ఆ పిల్ల నెత్తి మీద రెండు తట్లు తట్టి, "అవునా పాపా, అద్దాల పలకలేవో పెడతారంట గదా, అశోక్ చెప్పినాడు. కరెంటు వస్తాదంట. మంచిదే. యాడ పెడతారు?" అంది.

పావని అమూల్య వైపు చూసింది. అమూల్య చెంబు అంచు మీద వేలు పెట్టి తిప్పింది.

"బీడులో," అంది చివరికి.

వసారాలో గొర్రెపిల్ల ఒకటి వేపాకు నములుతూ సుబ్బులమ్మ చీర కొంగును కూడా కలిపి నమలబోయింది. ఆమె కొంగు లాక్కోలేదు.

"ఎవురూ లేరనా?"

"అవును పెద్దమ్మా."

"మేము ఆగినందుకా?" అంది సుబ్బులమ్మ. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "రోజూ గొర్రెలను తోలి, గడ్డంతా మేపేసి పెట్టింటే, అది మాదని రాసుకునేటోళ్లా?"



*

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడు సాయి కిరణ్. గురువారం, మార్కాపురంలో క్లాసు గది. ప్రొజెక్టరు వెలుగులో దుమ్ము రేణువులు నెమ్మదిగా తిరుగుతున్నాయి. "రేపు మీటింగు. స్లైడ్లు అయిపోయినాయి, రిపోర్టు కంపెనీకి పోయింది. అయినా నో వన్ గోస్ అని చెప్పింది ఎవరు? నేనా?"

"నేనే."

"మరి?"

"తప్పు చెప్పినా."

"ఊళ్లో నలుగురు ఒకటే మాట చెప్పినారు. ఒక్క మాటకు ప్లానంతా చించెయ్యాలంటావా? నీకేం, నీది తెలుగు. నేను ఈ ప్లాను చూపించుకొని ఉద్యోగానికి పోవాల."

"వాళ్లు గొర్రెలు అమ్ముకొని పోవాల," అంది పావని మెల్లిగా.

గిరిధర్ సారు అందరి మాటా విన్నాడు. ఆయన మంచి మనిషి. ఎవరినీ నొప్పించడు, అందుకే ఆయనతో ఏ పనీ తెగదు. కళ్లద్దాలు తీసి తుడిచి, "ఇట్లాంటివి పరిశోధనలో మామూలే అమ్మా. చివర్లో 'పరిమితులు' అని ఉంటుంది గదా, అక్కడ ఒక వాక్యం చేర్చండి. కొన్ని కాలాల్లో కొంత మేతకు వాడే అవకాశం ఉంది అని," అన్నాడు.

ఆ వాక్యాన్ని ఇంగ్లీషు చేసిందీ అమూల్యే. సాయి కిరణ్ దాన్ని చివరి స్లైడు అడుగున, కంపెనీ గుర్తుకు కింద, చిన్న అక్షరాల్లో అతికించాడు. అమూల్య ముందు వరుసలో కూర్చుని చదవబోయింది. చదవలేకపోయింది. అయినా తలూపింది. ఇంటికి పోయే బస్సులో కంభం దాటేదాకా ఆ తలూపు ఆమె మెడలో అట్లాగే ఉండిపోయింది, ఎటు తిప్పినా నొప్పిగా.

*

మీటింగు హాల్లో ఏసీ మరీ చల్లగా ఉంది. ప్రతి గ్రూపూ తమ పల్లె నుంచి కొందరిని పిలిపించింది. సుబ్బులమ్మ, ఆమె భర్త శ్రీరాములు, అశోక్ వెనక వరుసలో ఒకే సోఫా మీద ఒదిగి కూర్చున్నారు. శ్రీరాములు కొత్త తువ్వాలును భుజాల నిండా కప్పుకొని, ఎవరు లేచి నిలబడినా తానూ లేస్తున్నాడు. సుబ్బులమ్మ తువ్వాలు కొస పట్టుకొని కూర్చోబెడుతోంది.

సాయి కిరణ్ బాగా చెప్పాడు. బూడిదరంగు ముక్క మీద నీలం ప్లేట్లు వరుసలు వరుసలుగా పరుచుకున్నాయి. చివరి స్లైడు వచ్చి వెళ్లిపోయింది. అడుగున ఉన్న వాక్యం ఎవరి కంటా పడలేదు.

కంపెనీ తరఫున వచ్చినావిడకు తెలుగు రాదు. బయటి ఊరి మనిషి. చూపు మాత్రం నెమ్మదైనది. ఆమె పెన్ను మూత పెట్టి, వెనక వరుస వైపు తిరిగి ఇంగ్లీషులో అంది: ఊరివాళ్లు వచ్చారట గదా, వాళ్లనే అడుగుదాం. ఈ భూమిలోకి మీరెవరైనా వెళ్తారా?

గిరిధర్ సారు అమూల్యకు సైగ చేశాడు. అమూల్య మైకు తీసుకొని వెనక్కి నడిచింది. ప్రశ్నను ఇంకో రకంగా అడగొచ్చని ఆమెకు తెలుసు. ఎప్పుడు పోతారు అంటే చాలు. కానీ ఆవిడ అడిగింది అది కాదు. అడిగిన మాటను అడిగినట్టే చెప్పడం తప్ప అమూల్యకు ఇక్కడ ఇంకో పని అప్పగించలేదు.

"ఆ భూమిలోకి మీరెవరైనా పోతారా అని అడుగుతున్నారు పెదనాయనా."

సుబ్బులమ్మ నోరు తెరిచే లోపలే శ్రీరాములు లేచి నిలబడ్డాడు. ముందు వరుసలో ఆఫీసర్లున్నారు. బయట జీపులున్నాయి. ఊరుమ్మడి నేలలోకి గొర్రెలను తోలుతున్నారా అని ఆఫీసర్లు అడిగితే ఏం చెప్పాలో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"పోము సార్!" అన్నాడు చేతులు కట్టుకొని, గట్టిగా. "ఎవురూ పోము. ఒక్క గొర్రె కూడా పోదు. దేవుడి మీద ప్రమాణం."

"నీ దుంప తెగ, కూచో!" అని సుబ్బులమ్మ తువ్వాలు లాగింది. తువ్వాలు చేతికొచ్చింది గాని మనిషి కూర్చోలేదు. హాల్లో అక్కడక్కడా నవ్వులు. సాయి కిరణ్ భుజాలు తేలికపడి కిందికి దిగాయి. ఆవిడ నవ్వుముఖంతో అమూల్య వైపు తిరిగి, ఇంగ్లీషు కోసం ఎదురు చూసింది.

మైకులో అమూల్య ఊపిరి అందరికీ వినబడింది. ఆ చల్లని హాలు, ఆ ముఖాలు, తెర మీది నీలం గళ్లు అన్నీ ఆమెకు దూరంగా, గాజు వెనక ఉన్నట్టయ్యాయి. దగ్గరగా ఉన్నది ఒక్క మాట. ఆయన దాన్ని భయంతో అన్నాడు, ఆయన భార్య మొన్న పట్టింపుతో అంది. మాట మాత్రం ఒక్కటే.

ఆమె ఇంగ్లీషు గొప్పది కాదు. ఆగి ఆగి చెప్పింది. ఆయన 'పోము' అన్నాడండీ. ఈ మాటకు రెండర్థాలున్నాయి. నేను మొదట తప్పర్థం రాశాను. తొలకరి నుంచి గింజ రాలేదాకా ఆ నేలలో కాలు పెట్టకూడదని వీళ్లంతా కలిసి అనుకున్నారు. అనుకున్నట్టే ఆగారు. గింజ రాలాక వీళ్ల గొర్రెలన్నీ ఎండాకాలం దాకా దాని మీదే బతుకుతాయి. మేము చూసింది ఎవరికీ అక్కర్లేని నేల కాదు. కాపలా లేకుండా కాచుకున్న నేల.

ఆవిడ నవ్వు తగ్గింది. ఇది ఎక్కడైనా రాసి ఉందా, పంచాయతీ తీర్మానం లాంటిది, అని అడిగింది.

"లేదండీ," అంది అమూల్య.

అంటే మీ మాటే ఆధారమా?

అమూల్య ముందు వరుస వైపు చూసింది. గిరిధర్ సారు కళ్లద్దాలు తుడుస్తున్నాడు. అప్పుడు సాయి కిరణ్ గొంతు వినబడింది. వేదిక మీద, చేతిలో రిమోటుతో, ఎవరి వైపూ చూడకుండా అంటున్నాడు.

"మేము అక్కడికి పోయింది గింజ పట్టిన నెలలోనే మేడం. ఎండాకాలంలో పోలేదు. పోయి చూడకుండా ఖాళీ అని నేనే వేసినాను." అని, ఇంగ్లీషులో మళ్లీ చెప్పాడు. రిమోటు నొక్కాడు. తెర నల్లబడింది.

కంపెనీ వాళ్లు దొనకొండ వైపు పల్లెల్లో చెరువు పూడికల మీద పనిచేసిన గ్రూపు ప్లాను ఎంచుకున్నారు. అమూల్య వాళ్ల గ్రూపుకు పాసయ్యే మార్కులు వచ్చాయి. అంతకు మించి రాలేదు. హాలు బయట సాయి కిరణ్ బండి ఎక్కి ఎవరితోనూ మాట్లాడకుండా పోయాడు. శ్రీరాములు మాత్రం ఆటోలో కూర్చున్నాక కూడా, "నేను సరిగ్గానే చెప్పినా గదా?" అని భార్యను అడుగుతూనే ఉన్నాడు. "సరిగ్గా చెప్పినావులే, ఊరు మునిగేటట్టు," అంటోంది సుబ్బులమ్మ.

*

కార్తీకంలో ఒక సోమవారం బీడు తెరుస్తున్నారని అశోక్ ఫోను చేశాడు. అమూల్య, పావని మొదటి బస్సుకు పోయారు. మంచు ఇంకా విడలేదు. కొండ కనబడలేదు, కొండ ఉండాల్సిన చోట తెల్లదనం ఉంది. దారికి అడ్డంగా వేసిన ముళ్లకంప దగ్గర ఊరి మందలన్నీ కలిసి నిలబడ్డాయి. వాటి ఒంటి ఆవిరి మంచులో కలుస్తోంది.

కొంచెం దూరంలో, బండి స్టాండు వేసుకొని, చెవులకు మఫ్లరు చుట్టుకొని సాయి కిరణ్ నిలబడి ఉన్నాడు.

"నిన్నెవరు పిలిచినారు?" అంది పావని.

"ఎవరూ పిలవలే. పిలిస్తేనే రావాలని రూలుందా?" అన్నాడు. అమూల్య వైపు చూడకుండా, "ట్రాన్స్‌లేటర్ మేడం కూడా పిలవలేదు," అని కలిపాడు.

శ్రీరాములు కంపను కర్రతో పక్కకు లాగాడు. గొర్రెలు వెంటనే కదల్లేదు. ముందరి పొట్టేలు మెడ చాచి, గాలి పీల్చి, ఒక కాలు లోపల పెట్టి, మళ్లీ తీసుకుంది. సుబ్బులమ్మ నాలుకను అంగిటికి తాకించి చిన్న చప్పుడు చేసింది. అంతే. ఊలు వరద ఒకటి వాళ్ల పక్క నుంచి, మోకాళ్లను రాసుకుంటూ, లోపలికి పోయింది. పోయి, కనబడకుండా పోయింది. గడ్డి వాటికంటే ఎత్తుగా ఉంది. పైన గింజ రాలిన కంకులు మాత్రం ఇక్కడ ఒక పాయగా, అక్కడ ఒక పాయగా మెల్లగా విడిపోయి మళ్లీ కలుస్తున్నాయి.

సాయి కిరణ్ ఫోను పైకెత్తి ఫోటో తీశాడు. ఇంకో చోటికి జరిగి ఇంకోటి తీశాడు. బండి సీటు మీదికెక్కి మరొకటి తీశాడు. దిగి, తెరను వేలితో తుడిచి, పెద్దది చేసి చూసి, వాళ్లిద్దరికీ చూపించాడు. మంచు, గడ్డి. అంతే.

"ఒక్క గొర్రె లేదు," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియనట్టుంది వాడి ముఖం. "ఇంత మంద పోయింది గదా, ఏదీ? ఈ ఫోటో తీసుకపోయి చూపిస్తే మళ్లా ఖాళీ అనే అంటారు."

"ఏమంటాడు పాపా ఆ పిల్లోడు?" అని అడిగింది సుబ్బులమ్మ.

"గొర్రెలు కనబడలేదంట పెద్దమ్మా."

సుబ్బులమ్మ సాయి కిరణ్ దగ్గరికి వచ్చి, వాడి చెవుల మీది మఫ్లరును రెండు చేతులతో వెనక్కి జరిపింది.

"విను నాయనా," అంది.

ముగ్గురూ నిలబడి విన్నారు. మొదట ఏమీ లేదు. తర్వాత మంచు లోపలి నుంచి, దగ్గరా దూరం తెలియకుండా, అన్ని వైపులా, సన్నటి వాన మొదలైనట్టు, గడ్డి తెగుతున్న చప్పుడు.